గానుగెద్దుకు పాలపుంత ఎంత పెద్దదైతేనేం

కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి అత్తవారింటికి వెళ్ళినప్పుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, నల్లటి తెర మీది చుక్కలను చూస్తూ గంటకు పైగా కదలకుండా ఉండటం గమనించిన మా బావమరిది, "బావా, దీనికి మీకెవరైనా జీతమిస్తున్నారా?" అని అడిగాడు. అతడు తెలియక అడిగిన మాట కాదది. అంతరిక్షంలో ఓడ నడుపుతూ తిరిగే ఎలీట్ డేంజరస్ అనే ఈ కంప్యూటరు ఆటను నాకంటే ఎక్కువ గంటలు ఆడి, నాకంటే పెద్ద ఓడలు కొని, చివరికి విసుగెత్తి మానేసినవాడతడు. ఆ రోజు నేను ఆల్ఫా సెంటారీలోని హటన్ ఆర్బిటల్ అనే అంతరిక్ష కేంద్రానికి వెళుతున్నాను. ఆ నక్షత్ర వ్యవస్థలో మనం అడుగుపెట్టే చోటి నుంచి ఆ కేంద్రం 0.22 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. కాంతికి వెయ్యి రెట్లకు మించిన వేగం అందుకున్నా, ఆనాటి ఓడలకు దాదాపు గంటన్నర పట్టేది. తీరా చేరాక అక్కడ ప్రత్యేకంగా దొరికేవి కాఫీ మగ్గులు, ఒక రకం మద్యం. అక్కడికి వెళ్ళినవారికి అనకొండ అనే ఖరీదైన ఓడను ఉచితంగా ఇస్తారని చెప్పి కొత్తవాళ్ళను పంపించడం ఈ ఆటలో ఏళ్ళ తరబడి సాగుతున్న వేళాకోళం. నన్నెవరూ అలా పంపలేదు. అక్కడేమీ లేదని తెలిసే వెళ్ళాను.

ఈ ఆట మీద వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది, ఇది నత్తనడక నడుస్తుందని. రెండోది, ఇంత విశాలమైన ఆటలో చేయడానికేమీ లేదని. ఇష్టపడేవారేమో ఇందులో ఏమైనా చేయవచ్చని అంటారు, నిదానమే దీని అందమని వెనకేసుకొస్తారు. ఇరుపక్షాల మాటలనూ చాలాకాలం విన్నాక నాకు తోచినది ఇది: ఈ ఆటలో నిదానం రెండు రకాలు. ఆటగాడు తనంతట తాను ఎంచుకున్న నిదానం ఒకటి, తయారీదారులు అతడి దారికి అడ్డంగా కట్టిన నిదానం ఇంకొకటి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి మాట్లాడుకోవడం వల్లనే, మెచ్చుకునేవారూ తిట్టేవారూ ఒకరి మాట ఒకరికి ఎక్కకుండా పదేళ్ళుగా వాదించుకుంటున్నారు.

మొదటి ఎలీట్ సంగతి చెప్పకుండా ఈ విషయం తేలదు. కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు విద్యార్థులు బీబీసీ మైక్రో అనే కంప్యూటరు కోసం దాన్ని రాస్తే, 1984 సెప్టెంబరులో ఏకార్న్‌సాఫ్ట్ సంస్థ విడుదల చేసింది. (దాదాపు అదే కాలంలో అవే బీబీసీ మైక్రోలు మన దేశంలో క్లాస్ అనే కంప్యూటరు అక్షరాస్యతా పథకం కింద ఎంపిక చేసిన కొన్ని బడులకు వచ్చాయి. మా ఊరి బడికి రాలేదు. వచ్చి ఉంటే నేను పదో తరగతి గట్టెక్కేవాణ్ణని చెప్పలేను.) ఆ కాలపు ఆటలంటే మూడు ప్రాణాలు, పది నిమిషాల సంబరం, పైకి ఎగబాకే స్కోరు. ఎలీట్ అవేవీ ఇవ్వలేదు. వంద క్రెడిట్ల డబ్బు, కోబ్రా మార్క్ 3 అనే ఓడ చేతికిచ్చి లేవ్ అనే గ్రహం దగ్గర వదిలేసి ఊరుకుంది. వ్యవసాయ గ్రహంలో చవకగా దొరికే ఆహారాన్ని కొని పారిశ్రామిక గ్రహంలో అమ్మి, అక్కడి కంప్యూటర్లను తిరుగు సరుకుగా తెచ్చుకోవచ్చు. మత్తుమందులు దొంగరవాణా చేసి పోలీసుల కంటపడవచ్చు. దారికాచి దోచుకోవచ్చు, దారికాచేవారిని వేటాడీ బతకవచ్చు.

ఒక్కొక్కదానిలో 256 గ్రహాలు ఉన్న ఎనిమిది గెలాక్సీలు, అంటే 2,048 గ్రహాలు, 32 కిలోబైట్ల మెమరీ మాత్రమే ఉన్న ఆ యంత్రంలో ఇమిడిపోయాయంటే కారణం, వాటిని అందులో దాచకపోవడమే. మూడు 16 బిట్ల సంఖ్యలను తీసుకుని, వాటి మొత్తాన్ని చివర చేర్చి, మొదటిదాన్ని వదిలేస్తూ పోయే ఒక చిన్న లెక్క నుంచి ప్రతి గ్రహం పేరూ, చోటూ, ప్రభుత్వమూ, ఆర్థిక స్థితీ అప్పటికప్పుడు పుట్టుకొచ్చేవి. ఇలాంటి గెలాక్సీలను లక్షల కోట్లలో పుట్టించే వీలు ఆ లెక్కకు ఉంది. అన్నీ ఇస్తే అవన్నీ ఒక్క అచ్చులో పోసినవేనని గుట్టు రట్టవుతుందని ప్రచురణకర్తలే ఎనిమిది దగ్గర ఆపించారు. చోటు పెరిగేకొద్దీ వెలితి కూడా పెరుగుతుందని ఈ ఆట పుట్టిన ఇంట్లో 1984 నాటికే తెలుసునన్నమాట.

ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చిన ఎలీట్ డేంజరస్ ఆ జాగ్రత్తను పక్కనబెట్టింది. 2012 నవంబరులో కిక్‌స్టార్టర్ ద్వారా జనం దగ్గర 12.5 లక్షల పౌండ్లు అడిగి, అంతకంటే ఎక్కువే రాబట్టుకుని, 2014 డిసెంబరు 16న విడుదలైన ఈ ఆటలో పాలపుంత మొత్తం నిజమైన కొలతలతో ఉంటుంది. నక్షత్ర వ్యవస్థలు 40,000 కోట్లు. ఇంటర్నెట్ లేకుండా ఒంటరిగా ఆడుకునే వీలు కల్పిస్తామని మొదట మాట ఇచ్చి, విడుదలకు నెల ముందు అది కుదరదని చెప్పడంతో డబ్బు పెట్టినవారిలో కొందరు మండిపడ్డారు. గాలివాన వస్తే చాలు నెట్ పోయే ఊళ్ళో ఉండే నాకు ఆ కోపం బాగా అర్థమవుతుంది.

వెయ్యి క్రెడిట్లు, సైడ్‌వైండర్ అనే బుల్లి ఓడతో మొదలుపెట్టిన ప్రతివాడికీ ఓడను కేంద్రంలోకి దింపడమే మొదటి పరీక్ష. కేంద్రం గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ముందుగా ఓడను లోనికి తెచ్చుకోవడానికి అనుమతి అడగాలి, వాళ్ళు ఒక నంబరు చెబుతారు, ఆ చోటికి చేరడానికి పది నిమిషాలు గడువిస్తారు. ఎదురుగా తపాలా పెట్టె నోరులాంటి సన్నని సందు, అదీ కేంద్రంతో పాటే తిరుగుతూ ఉంటుంది. ఆ సందుకు ఒక పక్క పచ్చ దీపాలు, ఒక పక్క ఎర్ర దీపాలు. పచ్చవి కుడిచేతి వైపు ఉండేలా, కేంద్రం తిరిగే తీరుకు మన ఓడను కూడా తిప్పుకుంటూ, వేగాన్ని వందకు మించనీయకుండా దూరాలి. నేను మొదటిసారి చక్రాలు దింపడం మరచిపోయి, నా చోటికి పైన వేలాడుతూ, ఎందుకు దిగడం లేదో తెలియక నాలుగు నిమిషాలు తిప్పలు పడ్డాను. గడువు ముగుస్తుండగా విషయం తట్టింది. ఓడ దిగి 'ఠక్' మన్న చప్పుడు వినిపించినప్పుడు నేను గట్టిగా ఊపిరి విడిచిన సంగతి పక్క గదిలో ఉన్న మా ఆవిడకు కూడా తెలిసింది. ఇప్పటికి కొన్ని వేలసార్లు దింపి ఉంటాను, ఆ సందు దగ్గరికి వచ్చేసరికి ఇంకా నిటారుగా కూర్చుంటాను. ఒకే పనిని పదేపదే చేయడం దానంతటదే విసుగు పుట్టించదని చెప్పడానికి ఈ ఉదాహరణ తెచ్చాను.

దూరం సంగతీ అంతే. దూరానికి విలువ లేకపోతే సరుకు రవాణాకు అర్థం లేదు. విజయవాడలో లోడెత్తిన లారీ కనురెప్ప పాటులో కోల్‌కతాలో ప్రత్యక్షమయ్యేటట్లయితే రెండు చోట్లా ధర ఒక్కటే అవుతుంది. ఈ ఆటలో దారిలో ఇంధనం అయిపోతుంది, దొంగలు అడ్డగిస్తారు, తెచ్చిన నక్షత్రాల సమాచారాన్ని కేంద్రానికి చేర్చి అమ్ముకోకముందే ఓడ పేలిపోతే నెలల శ్రమ ఆవిరవుతుంది. నేను ఒకప్పుడు టైప్-7 అనే సరుకు ఓడ కొని, మిగిలిన ప్రతి క్రెడిట్‌తోనూ దాని కడుపు నింపాను. ఓడ పోతే దాని ధరలో ఐదు శాతం కడితే మళ్ళీ ఇస్తారు, ఆ ఐదు శాతం చేతిలో లేకుండా బయలుదేరకూడదనేది ఈ ఆటలో బాలశిక్ష. నేను ఆ పాఠం చదివీ లెక్కచేయలేదు. రెండో ప్రయాణంలోనే ఒక దోపిడీదారు నన్ను దారిలోంచి లాగి పడేశాడు. తెర మీద ఓడ తాలూకు మొత్తం, నా దగ్గరున్న మొత్తం పక్కపక్కన కనిపించాయి. మళ్ళీ సైడ్‌వైండర్ దగ్గరికి వచ్చాను. ఆ రాత్రి ఆటను తిట్టుకున్నాను గాని, తప్పు ఎవరిదన్న అనుమానం మాత్రం కలగలేదు. ఆ నష్టం లేకపోతే అంతకు ముందరి లాభాలకూ రుచి ఉండేది కాదు.

ఇప్పుడు రెండో రకం నిదానం దగ్గరికి వద్దాం. 2016 మేలో ఇంజనీర్లు అనే విస్తరణ వచ్చింది. ఓడ ఇంజనును, ఆయుధాలను, కవచాలను మెరుగుపరిచే నిపుణులు పాలపుంతలో అక్కడక్కడా ఉంటారు, వాళ్ళు అడిగిన ముడిపదార్థాలు తెచ్చి ఇస్తే పని చేసిపెడతారు. చెప్పుకోవడానికి బాగుంది. అయితే మొదట్లో ఫలితం లాటరీగా ఉండేది, ఎంతో వెదికి తెచ్చిన పదార్థాలు పోశాక కూడా ఇంజను మునుపటికంటే నాసిగా తయారయ్యే అవకాశం ఉండేది. ఆటగాళ్ళ గగ్గోలు మీద 2018లో ఆ పద్ధతి మార్చి, ప్రతిసారీ ఎంతో కొంత మెరుగయ్యేలా చేశారు. పదార్థాల వేట మాత్రం మిగిలింది. మెరుగుపరచని ఓడతో పోరాటానికి దిగితే, మెరుగుపరచుకున్నవాడి ముందు నిలవడం కుదరదు కాబట్టి, ఇది పేరుకే ఐచ్ఛికం.

ఆ వేట ఎలా సాగేదో దగ్గరగా చూపిస్తాను. డావ్స్ హోప్ అని ఒక గ్రహం మీద పాడుబడ్డ చిన్న స్థావరం ఉంది. ఓడ దింపి, ఆరు చక్రాల బండి తీసుకుని ఆ స్థావరం చుట్టూ ఒక వరుసలో తిరిగితే రెండు మూడు పదుల చోట్ల పెట్టెలు కనిపిస్తాయి. వాటిలోని పదార్థాలు ఏరుకోవాలి. అన్నీ అయ్యాక ఆట నుంచి మెయిన్ మెనూకు బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళాలి. ఏరుకున్న పెట్టెలన్నీ యథాస్థానంలో నిండుగా ఉంటాయి. మళ్ళీ అదే చుట్టు. మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి. మా బావమరిది ఒక ఆదివారం సాయంత్రం ఇలా పదిహేడు చుట్లు తిరిగానని చెప్పాడు. నలభై వేల కోట్ల నక్షత్రాలున్న లోకంలో, ఒకే పాడుబడ్డ వాకిట్లో పదిహేడు ప్రదక్షిణలు. ఆటగాళ్ళు దీన్ని గ్రైండ్ అంటారు. మనకు అంతకంటే పాత మాటే ఉంది, గానుగెద్దు చాకిరీ. గానుగెద్దు కూడా రోజుకు చాలా దూరం నడుస్తుంది. ఎక్కడికీ చేరదు.

ఆ చాకిరీకీ, నా హటన్ ఆర్బిటల్ ప్రయాణానికీ పట్టిన సమయం ఇంచుమించు ఒక్కటే. నా ప్రయాణంలో చేతులకు పనే లేదు, అతడికి క్షణం తీరిక లేదు. అయినా నేను ఆనందించాను, అతడు విసిగిపోయాడు. ఒకటి వెళ్ళాలనిపించి వెళ్ళినది, రెండోది ఇంకేదో చేయాలంటే ముందుగా తీర్చవలసిన బాకీ. పైగా ఆ బాకీ తీర్చడానికి ఆట లోకంలోంచే బయటికి వచ్చి మళ్ళీ వెళ్ళవలసి రావడం, ఆట తన మాయను తానే చెరుపుకోవడం కాదా? పెద్ద ఓడల సంగతీ ఇలాంటిదే. ఫెడరల్ కార్వెట్ అనే యుద్ధనౌక కొనాలంటే డబ్బుంటే చాలదు, ఆటలోని ఫెడరేషన్ అనే రాజ్యపు నౌకాదళంలో రియర్ అడ్మిరల్ హోదా రావాలి. ఆ హోదా కోసం ఆటగాళ్ళు యుద్ధాలేమీ చేయలేదు. సోథిస్, సియోస్ అనే రెండు పొరుగు వ్యవస్థల మధ్య ఉత్తరాలు మోసినట్టు సమాచారం అటూ ఇటూ మోశారు. నౌకాదళాధిపతి పదవికి తపాలా బంట్రోతు ఉద్యోగం దారి కావడం నాకు నవ్వు తెప్పించినా, మూడు వారాలు ఆ పని చేసినవాడికి నవ్వు రాదు.

దీనికి ఒక గట్టి ఎదురువాదం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1984 ఎలీట్‌లో కూడా 'హార్మ్‌లెస్' నుంచి 'ఎలీట్' హోదాకు చేరాలంటే 6,400 ఓడలను కూల్చాలి. అది చాకిరీ కాదా, పాతదని దానికి దండం పెట్టి కొత్తదాన్ని తిడతారా అని అడుగుతారు. లెక్క చూస్తే అది ఇంతకంటే పెద్ద చాకిరీయే. కానీ ఆ హోదా రాలేదని పాత ఆట ఎవరి నుంచీ ఏ ఆయుధాన్నీ దాచిపెట్టలేదు. కావలసిన లేజరును డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు, ఆ డబ్బును నచ్చిన దారిలో సంపాదించుకోవచ్చు. హోదా దానంతటదే వచ్చి తగులుకునేది. కొత్త ఆటలో తాళం చెవి ఒకే ఒక్క వాకిట్లో పాతిపెట్టారు.

ఆటగాళ్ళ తప్పు లేదని మాత్రం అనను. గంటకు ఎన్ని క్రెడిట్లు వస్తాయన్న లెక్క ఈ ఆటకు పట్టిన చెదపురుగు. 2018 డిసెంబరులో గ్రహశకలాలను పగలగొట్టి రత్నాలు తీసే పద్ధతి వచ్చింది. శకలాన్ని వెదకడం, దాని పగుళ్ళలో మందుపాతరలు పెట్టడం, పేలుడు తీవ్రత తగుపాళ్ళలో ఉండేలా చూసుకుని దూరంగా జరగడం, ఇదంతా ఆటలోని అతి చక్కని పనుల్లో ఒకటి. వాయిడ్ ఓపల్ అనే రత్నానికి మంచి ధర పలకడంతో జనమంతా దాని మీద పడి, అంతకు ముందు నెలల్లో కూడబెట్టినది కొద్ది రోజుల్లో సంపాదించి, కావలసిన ఓడలన్నీ కొనేసి, 'ఇక చేయడానికేముంది' అంటూ నిట్టూర్చారు. మా బావమరిది కూడా వాళ్ళలో ఉన్నాడు. వంట చేసేటప్పుడు నిమిషాలు లెక్కబెట్టి, తినేటప్పుడు కూడా నిమిషాలే లెక్కబెట్టుకుంటే ఆకలి తీరుతుందేమో గాని భోజనం చేసినట్టుండదు. అయితే ఆ అలవాటు అతడికి ఎక్కడ పట్టుకుంది? ధర చూసి దడుచుకునే ఓడలను ముందు పెట్టి, సంపాదన తప్ప వేరే కొలబద్ద ఇవ్వని ఆటలోనే కదా.

ఆట ఇవ్వని కొలబద్దలను కొందరు ఆటగాళ్ళు తామే తయారు చేసుకున్నారు. ఫ్యూయెల్ ర్యాట్స్ అనే బృందం 2015 నుంచి, ఇంధనం అయిపోయి నడిమధ్యలో చిక్కుకున్నవారి దగ్గరికి వెళ్ళి ఉచితంగా ఇంధనం పోసి వస్తోంది. ఆట వాళ్ళకు దీనికోసం ప్రత్యేకమైన బహుమానమేదీ పెట్టలేదు. 2019 జనవరిలో పది వేలకు పైగా ఆటగాళ్ళు డిస్టెంట్ వరల్డ్స్ 2 అనే యాత్రకు కలిసి బయలుదేరి, పాలపుంత అవతలి అంచున దాదాపు 65,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బీగిల్ పాయింట్ దాకా నెలల తరబడి ప్రయాణించారు. దారి పొడుగునా చేసిన పని ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకడం, నక్షత్రపు మంటను ఒరుసుకుంటూ ఇంధనం నింపుకోవడం, మళ్ళీ దూకడం. చేసే పనిని బట్టి చూస్తే డావ్స్ హోప్ చుట్లకూ దీనికీ తేడా లేదు. చేయించినవారెవరన్నదే తేడా.

2021 మేలో వచ్చిన ఒడిస్సీ గురించి ఎక్కువ చెప్పను. ఓడ దిగి నేల మీద నడిచే వీలు కల్పించిన ఆ విస్తరణ విడుదలనాడు లోపాలతో కుంటుతూ వచ్చింది, బ్రేబెన్ స్వయంగా క్షమాపణ చెప్పాడు, మరుసటి ఏడు మార్చిలో కన్సోళ్ళ (టీవీకి తగిలించి ఆడే ఆట యంత్రాల) మీద ఆట అభివృద్ధిని ఆపేశారు. ఆ కోపం న్యాయమైనదే గాని అది పని సరిగా చేయనందుకు వచ్చిన కోపం. నేను మాట్లాడుతున్నది సరిగా పనిచేస్తూ కూడా మనిషిని గానుగకు కట్టే ఏర్పాటు గురించి.

నా వాదనకు అనుకోని సాక్ష్యం 2025 ఫిబ్రవరిలో దొరికింది. ఖాళీగా ఉన్న నక్షత్ర వ్యవస్థను ఆటగాడే ఎంచుకుని అక్కడ కేంద్రం కట్టుకునే ఏర్పాటు అప్పుడు వచ్చింది. మొదటి కేంద్రానికి నాలుగు వారాల గడువు. ఆ లోగా ఉక్కు, అల్యూమినియం, టైటానియం, నీళ్ళు, ఇంకా ఎన్నో సరుకులను వేల టన్నుల లెక్కన మోసి తేవాలి. నిండా సరుకెత్తిన టైప్-9 అనే పెద్ద సరుకు ఓడతో కూడా పదులకొద్దీ ట్రిప్పులు. కొనడం, దూకడం, దింపడం, తిరిగి రావడం. దీన్ని మించిన చాకిరీ ఈ ఆటలో అంతకు ముందు లేదు. గ్రైండ్ అని పదేళ్ళు ఏడ్చిన జనమే ఎగబడి మోశారు. వాళ్ళు కట్టిన చాలా ఊళ్ళు ఇప్పుడు పలకరించే దిక్కులేక పడి ఉన్నాయని, ఒక్కో కేంద్రం కట్టేసి జెండా పాతి ముందుకు పోయారని విమర్శించేవారున్నారు, ఆ మాటలో నిజముంది. అయినా ఎక్కడ కట్టాలో, ఏం కట్టాలో, అసలు కట్టాలో వద్దో తేల్చుకున్నది వాళ్ళే. కట్టినది తెర ఆపేశాక కూడా అక్కడే ఉంటుంది, పెట్టెల్లా మళ్ళీ మొదటికి రాదు. ఇంజనీర్ల పదార్థాల భారాన్ని కూడా 2024 చివర్లో బాగా తగ్గించారు గనుక, విషయం తయారీదారులకు ఆలస్యంగానైనా అర్థమైందనే అనుకుంటున్నాను.

మా బావమరిది కూడా తిరిగి వచ్చాడు. తనకంటూ ఒక ఎర్ర నక్షత్రాన్ని ఎంచుకుని, దాని చుట్టూ తిరిగే ఒక రాతి గ్రహం దగ్గర పునాది వేశాడు. గంటకు ఎన్ని క్రెడిట్లని ఈసారి అడిగితే, "దీనికి లెక్కేంటి బావా, ఇల్లు కడుతుంటే" అన్నాడు. పోయిన వారం అర్ధరాత్రి దాటాక ఫోనుకు సందేశం పెట్టాడు, ఇంకా పదకొండు వేల టన్నుల ఉక్కు కావాలట, గడువు తొమ్మిది రోజులే ఉందట, మీ టైప్-9 తీసుకుని ఒకసారి రండి అని. నేను ఆ సమయానికి బీగిల్ పాయింట్ నుంచి తిరుగు ప్రయాణంలో, పాలపుంత నడిబొడ్డుకు ఇంకా అవతలే ఉన్నాను. నా నడక నీకు తెలుసు కదా, నేను వచ్చేసరికి నీ గృహప్రవేశం అయిపోతుంది, మగ్గులు మాత్రం తెస్తానని రాశాను.